గొల్లకావడి కింద దాగిన గ్యాస్!

మన పాలపుంతలో నక్షత్రాల ముడిసరుకు కొంత లెక్కకు అందకుండా తిరుగుతోంది. ఉంది... కానీ కనిపించదు! ఆ దొంగ గ్యాస్ జాడ పట్టే పనిలో హైదరాబాద్ నుంచి ఎగిరే బెలూన్లకూ వాటా ఉంది. ఆ బెలూన్లు మోసుకెళ్లిన పరికరాలు ఏ తెల్లవారుజామునో సంగారెడ్డి వైపు చేలల్లో వాలినా ఆశ్చర్యం లేదు.

2022 డిసెంబరు. వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల. ఆకాశం నుంచి ఓ వింత వస్తువు పొలాల్లో దిగిందన్న కబురు గుప్పుమంది. చూడ్డానికి జనం తరలివచ్చారు. ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. చివరికి తేలిందేమిటంటే... అది స్పెయిన్ కంపెనీ ఒకటి తయారుచేసిన క్యాప్సూల్ నమూనా. భవిష్యత్తులో పర్యాటకుల్ని బెలూన్‌లో ఆకాశపు అంచులకు తీసుకెళ్లాలన్నది ఆ కంపెనీ ఆలోచన. దాన్ని పరీక్షించడానికి ఎగరేసింది మాత్రం మన హైదరాబాద్ నుంచే. ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ స్థావరం నుంచి!

సంగారెడ్డి, జహీరాబాద్, సదాశివపేట ప్రాంతాల పాతతరం వాళ్లకు ఈ బెలూన్లు కొత్తేమీ కాదు. బెలూన్లు ఎగరేసే కాలం వచ్చిందంటే టీఐఎఫ్ఆర్ ప్రకటన ఇస్తుంది. విశాఖపట్నం - హైదరాబాద్ - షోలాపూర్‌లను కలుపుతూ గీసిన గీతకు అటూ ఇటూ ఉన్న జిల్లాల ప్రజలు గమనించాలని అందులో కోరుతుంది. ఉమ్మడి మెదక్ జిల్లా పేరు ఆ జాబితాలో ఉండేది. 'మీ పొలంలో తెల్లటి ప్లాస్టిక్ షీటు, గొడుగులాంటి పారాచూట్, దాని కింద పెట్టె కనిపిస్తే ముట్టుకోవద్దు' అన్నది దాని సారాంశం.

ఇంతకీ ఆ పెట్టెల్లో ఏముంటుంది? ఒక్కోసారి ఒక్కోటి. వాటన్నిటిలో ఆసక్తికరమైనది ఒకటుంది. నూరు సెంటీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు. అది వెతికేది మామూలు చుక్కల్ని కాదు, చుక్కలు పుట్టే మేఘాల్ని.

మేఘం అంటే వాన మేఘం కాదు

చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్నది ఉత్త శూన్యం అనుకుంటాం. నిజానికి అక్కడ పలచగా వాయువు, సన్నటి ధూళి పరుచుకుని ఉంటాయి. కొన్నిచోట్ల అవి కాస్త చిక్కబడి మేఘాలవుతాయి. చిక్కబడటం అంటే మన లెక్కలో కాదు సుమా! మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. ఆ మేఘాల్లో అంతే చోటులో ఉండేవి కొన్ని వందలో, కొన్ని వేలో! అయినా ఆ మేఘాలు ఎన్నో కాంతి సంవత్సరాల మేర విస్తరించి ఉంటాయి కాబట్టి మొత్తం కూడితే బరువు మాత్రం తక్కువేం కాదు. మన పాలపుంతలో ఇలాంటి అణు మేఘాల బరువంతా కలిపితే సుమారు వంద కోట్ల సూర్యుల బరువుంటుందని అంచనా.

కొత్త నక్షత్రాలకు ముడిసరుకు ఇదే. మేఘం చల్లబడి, తన బరువుకు తానే కుంగి, ముద్దగా మారితేనే నక్షత్రం పుడుతుంది. మన సూర్యుడూ 460 కోట్ల సంవత్సరాల కిందట అలా పుట్టినవాడే. కాబట్టి పాలపుంతలో ఇంకా ఎన్ని సూర్యుళ్లు పుట్టగలవో తెలియాలంటే ముందు గోదాములో సరుకు ఎంతుందో లెక్క కట్టాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సరుకులో అత్యధిక భాగం హైడ్రోజన్. పరమాణువులు విడివిడిగా ఉన్నంతవరకూ ఇబ్బంది లేదు. విడి హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. 1951లో అమెరికాలో యువెన్, పర్సెల్ అనే శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. అప్పట్నుంచీ విడి హైడ్రోజన్‌ను లెక్కపెట్టడం తేలికైంది. కానీ మేఘం చిక్కబడే కొద్దీ రెండేసి పరమాణువులు జట్టుకట్టి హైడ్రోజన్ అణువులవుతాయి. జట్టుకట్టిన మరుక్షణం నోరు మూసుకుంటాయి! ఈ అణువు రెండు కొసలూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. అలాంటి అణువు రేడియో తరంగాలు వెలువరించలేదు. దానినుంచి ఎంతో కొంత పరారుణ కాంతి రావాలన్నా వందల డిగ్రీల వేడి కావాలి. మేఘం లోపలేమో మైనస్ 250 డిగ్రీల కంటే చల్లగా ఉంటుంది. ఇక వెలుగెక్కడిది?

వంటగ్యాస్ వాసన చెప్పే పాఠం

కనిపించనిదాన్ని ఎలా కనిపెట్టాలి? దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. వంటగ్యాస్‌కు నిజానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. లీకైతే తెలియాలని కంపెనీల వాళ్లు అందులో ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన రసాయనాన్ని రవ్వంత కలుపుతారు. మనం పసిగట్టేది గ్యాస్‌ని కాదు, గ్యాస్ వెంట వచ్చే ఆ రవ్వంత రసాయనాన్ని!

ఖగోళ శాస్త్రవేత్తలు చేసిందీ అదే. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు మృగశిర దగ్గరున్న ఒరియన్ నెబ్యులావైపు రేడియో టెలిస్కోపు తిప్పి అక్కడ కార్బన్ మోనాక్సైడ్ ఉందని కనిపెట్టారు. ఆ గ్యాస్ 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చక్కగా సంకేతం పంపిస్తుంది. హైడ్రోజన్ అణువులు పదివేలుంటే ఇది ఒకటో రెండో ఉంటుంది. అయినా చాలు, అది ఉన్నచోట హైడ్రోజన్ ఉన్నట్టే లెక్క!

తలుపులన్నీ వేసుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకున్నవాళ్ల ప్రాణాలు తీసేదీ ఈ కార్బన్ మోనాక్సైడే. దానికి రంగూ రుచీ వాసనా లేవు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలలో బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఆ పేరు వింటేనే భయం. కంటికి కనిపించని గ్యాస్ ఎంత పని చేయగలదో పారిశ్రామికవాడ జనానికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇక్కడ ప్రాణం తీసే ఆ గ్యాసే ఆకాశంలో మాత్రం శాస్త్రవేత్తలకు దారి చూపే దీపం.

కానీ ఆ దీపం అన్నిచోట్లా వెలగడంలేదని తర్వాత తెలిసింది.

వాసన లేని లీకు!

మేఘం అంచుల మీద చుట్టుపక్కల నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు పడుతుంటాయి. వాటి దెబ్బకు కార్బన్ మోనాక్సైడ్ అణువులు విరిగిపోతాయి. మరి హైడ్రోజన్ అణువులు? వాటినీ విరగ్గొడతాయి కానీ, వాటి సంఖ్య లెక్కలేనంత. ముందు వరుసలో ఉన్నవి ఆ కిరణాల్ని తామే కాసుకుని వెనకున్నవాటికి నీడనిస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు అంత బలగం లేదు. అది బతకాలంటే మేఘం మరింత లోపలికి, ధూళి నీడలోకి పోవాలి. దాంతో ఏమవుతుందంటే... మేఘం నడిమధ్యలో రెండూ ఉంటాయి. అంచుల్లో హైడ్రోజన్ అణువులుంటాయి కానీ వాటి ఆచూకీ చెప్పే గ్యాస్ ఉండదు. గ్యాస్ లీకవుతోంది, వాసన మాత్రం రావడంలేదన్నమాట!

దీన్నే శాస్త్రవేత్తలు 'చీకటి గ్యాస్' అంటున్నారు. కంటికి కనిపించని కృష్ణ పదార్థం అని వింటుంటామే, అది వేరు. అదేమిటో ఇంకా ఎవరికీ తెలియదు. ఇది మాత్రం మనకు బాగా తెలిసిన మామూలు హైడ్రోజనే. దాక్కుందంతే.

అలా దాక్కున్నది ఎంతో తెలిసేసరికి శాస్త్రవేత్తలే ఉలిక్కిపడ్డారు. 2005లో ఫ్రాన్స్‌కు చెందిన ఇజబెల్ గ్రెనియర్ బృందం గామా కిరణాల సాయంతో ఈ గ్యాస్ జాడ తీసింది. అంతరిక్షంలో దూసుకుపోయే కాస్మిక్ కిరణాలు ఏ వాయువును ఢీకొన్నా గామా కిరణాలు పుడతాయి. వాటికి కార్బన్ మోనాక్సైడ్ ఉందా లేదా అన్నదాంతో పనిలేదు. గామా కిరణాల లెక్క చూస్తే తెలిసిన గ్యాస్ కంటే ఎక్కువే ఉన్నట్టు తేలింది. 2011లో ప్లాంక్ ఉపగ్రహం ధూళి వెలువరించే వేడిని కొలిచి అదే మాట చెప్పింది. సూర్యుడి చుట్టుపక్కల ప్రాంతంలో చీకటి గ్యాస్... కార్బన్ మోనాక్సైడ్ చూపించిన గ్యాస్ కంటే కాస్త ఎక్కువేనట! అంటే గోదాములో కనిపించే బస్తాల వెనక ఇంచుమించు అన్నే బస్తాలు చీకట్లో ఉన్నాయన్నమాట.

హైదరాబాద్ బెలూన్ వెతికే వెలుగు

విరిగిన కార్బన్ మోనాక్సైడ్ ఏమైనట్టు? కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. విడిపోయిన కార్బన్ పరమాణువు నుంచి నక్షత్రకాంతి ఓ ఎలక్ట్రాన్‌ను కూడా ఊడగొడుతుంది. అలా మిగిలిన కార్బన్ అయాన్ ఊరికే ఉండదు. చుట్టూ ఉన్న హైడ్రోజన్ తగిలినప్పుడల్లా కాస్త శక్తి పుచ్చుకుని దాన్ని 158 మైక్రాన్ల పరారుణ కాంతిగా వదిలేస్తుంది. 158 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఆరోవంతు కంటే తక్కువ. దీపం పగిలిపోయినా దాని ముక్కలు మెరుస్తున్నాయన్నమాట! ఆ మెరుపును పట్టుకుంటే అంచుల్లో దాగిన హైడ్రోజన్ ఆచూకీ దొరుకుతుంది.

ఈ కాంతితో ఓ చిక్కుంది. అది నేలకు చేరదు. మన వాతావరణంలోని నీటి ఆవిరి దాన్ని దారిలోనే మింగేస్తుంది. సంగారెడ్డిలో మేడ మీద నిలబెట్టినా, హిమాలయాల మీద నిలబెట్టినా టెలిస్కోపుకు అది కనిపించదు. నీటి ఆవిరిని దాటి పైకి పోవాల్సిందే. అందుకు మూడు దారులు... ఉపగ్రహం, విమానం, బెలూన్. వీటిలో చవకైంది బెలూన్.

హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ బెలూన్ స్థావరం 1969 నుంచీ ఉంది. ఇక్కడినుంచే ఎందుకు? హోమీ భాభా కాలం నుంచీ టీఐఎఫ్ఆర్ శాస్త్రవేత్తలకు కాస్మిక్ కిరణాల మీద ఆసక్తి. హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర్లో ఉంటుంది. అక్కడ భూమి అయస్కాంత శక్తి చిన్నాచితకా కిరణాల్ని అడ్డుకుని బలమైనవాటినే లోపలికి రానిస్తుంది. ఆ పరిశోధనలకు ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? పైగా దక్షిణాకాశంలోని ఎన్నో మేఘాలు ఇక్కడినుంచి కనిపిస్తాయి.

ఈ బెలూన్లు పుట్టినరోజు బుడగల్లాంటివి కావు. పలుచటి పాలిథిన్ పొరతో చేస్తారు. పూర్తిగా ఉబ్బాక వ్యాసం 50 నుంచి 85 మీటర్లు! 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళతాయి. అక్కడికి చేరేసరికి వాతావరణంలో 99 శాతం కిందే ఉండిపోతుంది. ఇక అసలు తమాషా ఏమిటంటే... ఈ బెలూన్‌లో నింపేది హైడ్రోజన్ వాయువే. అవును, అదే హైడ్రోజన్ అణువు! ఆకాశంలో దాక్కున్న హైడ్రోజన్‌ను వెతకడానికి మనవాళ్లు హైడ్రోజన్ మీదే ఎక్కి వెళుతున్నారు.

జపాన్ శాస్త్రవేత్తలు తయారుచేసిన ఫాబ్రీ-పెరో స్పెక్ట్రోమీటర్ అనే పరికరాన్ని టీఐఎఫ్ఆర్ నూరు సెంటీమీటర్ల టెలిస్కోపుకు బిగించారు. సరిగ్గా 158 మైక్రాన్ల కాంతిని వేరుచేసి పట్టుకోవడమే దాని పని. పరికరం వేడి దాని చూపునే చెడగొట్టకుండా ద్రవ హీలియంతో చల్లబరిచారు. భాస్వతి ముఖర్జీ, ఎస్.కె.ఘోష్, డి.కె.ఓఝా తదితరులు, హిదెహిరో కనేదా, తకావో నకగావా వంటి జపాన్ శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. మొదట వాళ్లు గురిపెట్టింది ఒరియన్ మేఘాన్ని. చలికాలం రాత్రుళ్లు మన పల్లెల్లో 'గొల్లకావడి' అని చూపిస్తారే మూడు చుక్కలు... వాటికి కాస్త కిందుగా మసకగా కనిపించేదే అది. మనకు సుమారు 1300 కాంతి సంవత్సరాల దూరం. 2003లో ఆ ఫలితాల్ని ప్రచురించారు. కార్బన్ వెలుగు నడిబొడ్డున ఉన్న వేడి నక్షత్రాల దగ్గరే ఆగిపోలేదు, మేఘం మీద చాలాదూరం పరుచుకుని ఉంది!

2013లో ఆర్‌సీడబ్ల్యూ 38, 2021లో ఆర్‌సీడబ్ల్యూ 36 అనే మేఘాల పటాలూ వెలువడ్డాయి. ఇవి రెండూ దక్షిణాకాశంలోనివి. జపాన్‌లో నిలబడి చూస్తే దిగంతానికి ఆనుకున్నట్టుంటాయి. హైదరాబాద్ నుంచైతే అంతకంటే బాగా పైకి వస్తాయి.

ఈ పటాలు నక్షత్రాలు జోరుగా పుడుతున్నచోట కార్బన్ వెలుగు ఎలా పుడుతుందో చెప్పాయి. పాలపుంత మొత్తాన్ని లెక్కగట్టే పనిని యూరప్ ప్రయోగించిన హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు చేపట్టింది. అదీ ఈ 158 మైక్రాన్ల కాంతినే చూసింది. 2013లో వెలువడిన ఆ లెక్క ప్రకారం పాలపుంతలోని అణు వాయువులో దాదాపు 30 శాతం చీకటి గ్యాసే. లోపలి భాగంలో తక్కువ, అంచులకు పోయేకొద్దీ ఎక్కువ.

గుమ్మం ముందే దాక్కున్న మేఘం

2025 ఏప్రిల్‌లో మరో వార్త ఖగోళ ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. మనకు కేవలం 300 కాంతి సంవత్సరాల దూరంలో నెలవంక ఆకారంలో ఓ పెద్ద మేఘం బయటపడింది. బరువు 3400 సూర్యులంత. అది కంటికి కనిపించేదైతే ఆకాశంలో పక్కపక్కన పేర్చిన 40 నిండు చందమామలంత వెడల్పుండేది! పేరు 'ఇయోస్'. గ్రీకుల ఉషోదేవత పేరది. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద మేఘం ఇన్నాళ్లూ ఎందుకు కనిపించలేదు? అందులో కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు కాబట్టి!

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్లేక్స్‌లీ బుర్ఖార్ట్ బృందం దీన్ని నేరుగా పట్టుకుంది. నక్షత్రకాంతి తగిలినప్పుడు హైడ్రోజన్ అణువులు అతినీలలోహిత కాంతిలో సన్నగా మెరుస్తాయి. ఆ మెరుపును నమోదు చేసింది 2003లో దక్షిణ కొరియా ప్రయోగించిన ఓ చిన్న ఉపగ్రహం. రెండు దశాబ్దాల పాత సమాచారాన్ని తవ్వితే ఇంటి గుమ్మం ముందున్న కొండ బయటపడింది. ఆ మేఘం దాదాపు 60 లక్షల సంవత్సరాల్లో ఆవిరైపోతుందట.

ఇలాంటి వేటలు సంగారెడ్డి పక్కన కందిలోనూ సాగుతున్నాయి. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తాత్కాలికంగా మొదలై, తర్వాత కందికి చేరిన ఐఐటీ హైదరాబాద్ అధ్యాపకులు, విద్యార్థులు మహారాష్ట్రలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో పల్సార్లను పరిశీలిస్తున్న భారత్ - జపాన్ బృందంలో ఉన్నారు. గురుత్వ తరంగాల గుసగుస వినిపిస్తోందని 2023 జూన్‌లో ప్రకటించిన అంతర్జాతీయ కృషిలో ఈ బృందమూ భాగమే. పల్సార్ల సంకేతాలు నక్షత్రాల మధ్యనున్న ఎలక్ట్రాన్ల గుండా వస్తూ కాస్త ఆలస్యమవుతాయి. ఎంత ఆలస్యమైందో చూస్తే దారిలో ఎంత సరుకుందో తెలుస్తుంది. కనిపించనిదాన్ని లెక్కించే మరో ఉపాయమిది.

కిటికీ మూసుకుపోతే...

ఇప్పుడు అసలు చింత. 2013లో ద్రవ హీలియం అయిపోయి హెర్షెల్ పని ముగిసింది. విమానంలో అమర్చిన సోఫియా టెలిస్కోపును 2022లో ఆపేశారు. మన పాలపుంతలోని కార్బన్ వెలుగును చూసే పెద్ద కిటికీలు రెండూ అలా మూసుకున్నాయి. ఇక దిక్కు బెలూన్లే. నాసా 2023 డిసెంబరు 31న అంటార్కిటికా నుంచి 'గస్టో' అనే బెలూన్ టెలిస్కోపును ఎగరేసింది. అది 57 రోజులపాటు తేలుతూ ఈ కార్బన్ వెలుగునే పటం గీసింది.

ఉపగ్రహానికీ బెలూన్‌కూ ఓ పెద్ద తేడా ఉంది. ఉపగ్రహంలోని పరికరం మళ్లీ చేతికి రాదు. బెలూన్ పరికరం పారాచూట్ మీద నేలకు దిగుతుంది. దాన్ని తెచ్చి బాగుచేసుకుని మళ్లీ ఎగరేయొచ్చు. మన నూరు సెంటీమీటర్ల అద్దం అలా ఎన్నోసార్లు పైకి వెళ్లొచ్చింది. అయితే అది ఎక్కడ దిగుతుందో ఖచ్చితంగా చెప్పేది గాలే. పత్తి చేనైనా కావొచ్చు, చెరకు తోటైనా కావొచ్చు, ఫ్యాక్టరీ గోడ పక్కనున్న బీడైనా కావొచ్చు. దాన్ని ముందుగా చూసేది శాస్త్రవేత్త కాదు... ఆ పొలం రైతో, పశువుల్ని మేపుకునే కుర్రాడో. వైర్లు పనికొస్తాయని కోసినా, లోపల ఏముందోనని మూత తీసినా ఏళ్ల తరబడి చేసిన పని ఆ పొలంలోనే ఆగిపోతుంది.

చలికాలం రాత్రి గొల్లకావడి కనిపించినప్పుడు దాని కింద మసకగా ఉన్న మచ్చను ఓసారి పిల్లలకు చూపించండి. అక్కడ సూర్యుళ్లు పుడుతున్నాయని చెప్పండి. ఆ పుట్టుకకు కావాల్సిన సరుకులో కొంత ఇంకా చీకట్లోనే ఉందని కూడా!

మీ పొలంలో దిగితే...

* తెల్లటి పెద్ద ప్లాస్టిక్ పొర, రంగు పారాచూట్, తాడుకు వేలాడే పెట్టె... ఇవీ గుర్తులు.
* పెట్టెను తెరవొద్దు, కదిలించొద్దు. కొన్ని పరికరాల్లో అధిక వోల్టేజీ ఉంటుంది. షాక్ కొట్టే ప్రమాదం ఉంది.
* దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, పోస్టాఫీసుకు గానీ, మండల అధికారులకు గానీ కబురు చేయాలి. పెట్టె మీద ఉండే చిరునామా చెబితే చాలు.
* పరికరాన్ని ముట్టుకోకుండా కాపాడి కబురు చేసినవాళ్లకు టీఐఎఫ్ఆర్ తగిన బహుమతి ఇస్తుంది. ఫోను, ప్రయాణ ఖర్చులూ చెల్లిస్తుంది.